రెండు కుర్చీల పాఠం

పైలట్లకు పాఠం చెప్పే ఆ మాస్టారు ఒకప్పుడు తానూ కో-పైలట్టే. పన్నెండేళ్ళ కిందట ఒక వానరోజు, పక్క సీట్లోని కెప్టెన్ విమానాన్ని మరీ వేగంగా దించుతున్నాడని గమనించాడు. "సార్, స్పీడు కొంచెం..." అని నసిగాడు. కెప్టెన్ వినిపించుకోలేదు. విమానం రన్‌వే దాటి బురదలో కూరుకుపోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ, మాస్టారి నడుము దెబ్బతింది. ఎగిరే ఉద్యోగం పోయింది.

అప్పటినుంచి, సిబ్బంది ఒకరి మాట ఒకరు ఎలా వినాలో నేర్పే తరగతి ఆయనది. తరగతంటే పేరుకే. నూట పద్నాలుగు స్లైడ్లు, చివర పరీక్ష కాగితం, హాజరు సంతకం. వెనక వరసవాళ్ళు కునుకు తీస్తారు, ముందు వరసవాళ్ళు ఫోన్లు నొక్కుకుంటారు. పద్ధతి మారుద్దామని ఎన్నిసార్లు మొత్తుకున్నా శిక్షణ విభాగం మేనేజరుది ఒకటే మాట: "చూద్దాం మాస్టారూ."

ఒక సాయంత్రం ఇంట్లో పాఠం వల్లెవేస్తుంటే భార్య కత్తిపీట పక్కన పెట్టింది.

"ఏమండీ, కూర తరుగుతున్న నాకే ఆవలింతలొస్తున్నాయి. ఆ రోజు మీకు నోరెందుకు పెగల్లేదో అది చెప్పొచ్చుగా?"

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడు ప్రొజెక్టరు ఆపేసి, రెండు కుర్చీలు పక్కపక్కన వేశాడు. ఒకదాంట్లో నెరిసిన మీసాల కెప్టెన్‌ను, రెండోదాంట్లో చేరి ఏడాదైనా కాని కో-పైలట్ అమ్మాయిని కూర్చోబెట్టాడు.

"కెప్టెన్‌గారూ, వేగం ఎక్కువైనా మీరు దించాలనే చూడండి. అమ్మా, నువ్వు ఆపాలి." విమానం దిగుతున్నట్టు, వేగమూ ఎత్తూ అంకెల్లో తనే చదువుతూ పోయాడు.

"సార్... స్పీడు ఒకసారి చూస్తారా?"

"చూశాలేమ్మా."

మాస్టారు బల్ల చరిచాడు. "అయిపోయింది. రన్‌వే దాటేశారు. మళ్ళీ!"

రెండోసారీ అంతే. గదంతా గొల్లున నవ్వింది. ఆయనకు ఒళ్ళు మండింది.

"నేనూ ఇలాగే నసిగాను. ఇదిగో, నడుముకి పట్టీ కట్టుకు తిరుగుతున్నా. నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. మూడోసారి ఆ అమ్మాయి గొంతు పెంచింది: "కెప్టెన్, స్పీడు ఇరవై ఎక్కువ! దించొద్దు, పైకి లేపండి!"

కెప్టెన్ ఉలిక్కిపడి ఆమెవైపు తిరిగాడు. "ఇన్నేళ్ళలో నాతో ఎవరూ ఇలా అనలేదు," అన్నాడు. "నా మొహం చూస్తే అనబుద్ధి కాదేమో."

అంతలో మేనేజరు వచ్చాడు. "పరీక్ష కాగితాలేవి మాస్టారూ? స్లైడ్లు చూపించకపోతే తనిఖీలో నా మెడకు చుట్టుకుంటుంది. మొత్తం మళ్ళీ చెప్పండి."

"ఆ కుర్చీలు మాత్రం ఉంచండి," అన్నాడు కెప్టెన్.

పెద్దాయన మాట తీసెయ్యలేక, స్లైడ్లన్నీ అయ్యాక ఆఖరి అరగంట కుర్చీల పాఠానికి ఇచ్చాడు మేనేజరు. నిద్రపోవడానికి రోజంతా, మేలుకోవడానికి అరగంటా! మాస్టారు పళ్ళు కొరుక్కున్నాడు, అయినా కాదనలేదు.

తరువాతి తరగతిలో ఆ అరగంట రాగానే సగంమంది సంచులు సర్దుకుని లేచిపోయారు. మిగిలినవాళ్ళను ముందుకు రమ్మని, లోపల తిట్టుకుంటూనే పాఠం మొదలుపెట్టాడు.