గాస్పార్ అడిగిన దెబ్బలు

టోటోనికపాన్ కొండల్లో మా ఊరు. తప్పు చేసినవాడికి ఇక్కడ బరికె దెబ్బలు పడాలంటే ఆ బరికెలు ఎవులాలియా అవ్వే కోసుకురావాలి. మెంబ్రియో అనే పళ్ళచెట్టు కొమ్మలు ఏరడంలో ఆవిడ చాదస్తం అంతా ఇంతా కాదు. ముడులున్నది పనికిరాదు, లావైనది పనికిరాదు, ముదిరిందైతే అసలే వద్దు. చర్మం చిట్లకూడదు, సిగ్గు మాత్రం ఎముక దాకా దిగాలి అనేది. మొగుడు పోయాక మగ్గం మీద గుడ్డలు నేసి బతికింది. నోరు మాత్రం మిరపకాయ.

"ఏం అవ్వా, బరికెలు కోస్తున్నావా, పెళ్ళికి పూలు కోస్తున్నావా?" అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, "నీ మొగుడి వంతు రానీ, ముళ్ళకంప తెస్తాలేవే" అనేది.

కొట్టేదీ అవ్వే. ముందు ఆవిడే దొంగ ఎదుట మోకరిల్లి, "కొడుతున్నందుకు నన్ను క్షమించు నాయనా" అంటుంది. దెబ్బలయ్యాక వాడు "మేలు చేశావమ్మా" అనాలి. అప్పుడు వాణ్ణి కావిలించుకుని, వేడి మొక్కజొన్న జావ తాగిస్తుంది. ఆ తర్వాత వాణ్ణి దొంగ అన్నవాడికే దెబ్బలు.

గాస్పార్ విషయంలో ఇదంతా తలకిందులైంది. వాడు గొర్రెలు తోలుకుపోతూ దొరికాడు. అవ్వ బరికెలకి వెళ్ళి, ఎప్పటిలాగే ఒక్కో కొమ్మా వంచి చూసుకుంటూ ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి చావిడి ముందు పెట్రోలు వాసన, నేల మీద మనిషంత నల్లటి మచ్చ. జనం ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ బరికెల కట్ట పట్టుకుని నిలబడింది పాపం. పోతూ పోతూ దారి మలుపులో దాన్ని మట్టిలో గుచ్చేసి వెళ్ళిపోయింది.

అందులో ఒక బరికె వేరు పట్టింది, చెట్టయింది. దాని కాయలు పిట్ట కూడా ముట్టదు. గాలి లేని మధ్యాహ్నాల్లో మంచు దిగితే చాలు, బరికె విసిరినట్టు సుయ్యిమంటుంది. కింద మట్టిలో రెండు మోకాళ్ళ గుంటలు. ఎన్నిసార్లు పూడ్చినా మళ్ళీ పడతాయి. ఆ మలుపులో మేమంతా తల తిప్పుకునే పోతాం, అవ్వ కూడా.

మొన్న మొక్కజొన్న కోతలప్పుడు ఫాబియాన్ అనేవాడు దొరికాడు. ఎవరి సొమ్ము తిన్నాడనుకున్నారు? అవ్వ ఒక్కగానొక్క ఆవుని కసాయికి అమ్మేశాడు.

"వదినా, తొందరగా బరికెలు తీసుకురా" అన్నాడు ఊరిపెద్ద సెబాస్తియాన్. వెనక ఎవడో పెట్రోలు డబ్బా మూత తిప్పుతున్నాడు. "వీళ్ళు నా మాట ఎంతసేపు వింటారో చెప్పలేను."

"ముసలి కాళ్ళు. వచ్చినప్పుడే వస్తా" అంది అవ్వ.

అబద్ధం. ఆవిడ కాళ్ళు మేకపిల్ల కాళ్ళు. కానీ కడుపు మండిపోతోంది. ఆ ఇంట్లో ఆవిడ మాటలు వినే ప్రాణి ఆ ఆవొక్కటే. 'కాలితే కాలనీ వెధవ' అని పైకే అనుకుంది. మలుపులో రాయి మీద కూలబడింది.

మంచు దిగింది. కింద జనం అరుపులు అణిగిపోయాయి. చెట్టు సుయ్యిమంది.

"అమ్మా, బరికెలు తెచ్చావా?"

అవ్వ చెట్టు వైపు చూసింది. "ఎవర్రా?"

"గాస్పార్‌ని. ఇంకా దొంగగానే ఉన్నానమ్మా. దెబ్బలు తినలేదని చచ్చినోళ్ళ ఊళ్ళో ఎవరూ గడప తొక్కనివ్వట్లేదు. మా అమ్మ కూడా."

అవ్వ కళ్ళు ఆ మోకాళ్ళ గుంటల మీద పడ్డాయి.

"ఈసారి ఏరకమ్మా. ముడులున్నా ఫరవాలేదు. తొందరగా."

అవ్వ లేచింది. ఆ చెట్టు మీద పడి చేతికందిన కొమ్మనల్లా విరిచింది. పడుతూ లేస్తూ పరిగెత్తింది.

ఫాబియాన్ అప్పటికే పెట్రోలులో తడిసి ఉన్నాడు. ఒకడి చేతిలో అగ్గిపెట్టె.

"అడ్డం లెగండ్రా! ఆవు నాది, ఏడుపు నాది. మధ్యలో మీ అగ్గిపుల్లలేంట్రా?"

"నీ ఆవుని తిన్నవాడి మీద జాలేంటవ్వా?"

"జాలా? వీపు వాయగొడతాను చూడు. చచ్చినోణ్ణి ఎవడు కొడతాడు? ఎవడు కావిలించుకుంటాడు?"

ఆ పెట్రోలు బురదలోనే మోకరిల్లింది. "కొడుతున్నందుకు నన్ను క్షమించు నాయనా" అంది. ఆ మాట ఫాబియాన్‌తో ఒకసారి, మంచులోకి చూస్తూ ఇంకోసారి. తర్వాత కొట్టింది. దెబ్బ దెబ్బకీ రెండు కేకలు వినిపించాయి. ఒకటి ఫాబియాన్‌ది. ఇంకొకటి అవ్వ చూసిన వైపు నుంచి, మంచులోంచి. అగ్గిపెట్టె బురదలో పడింది. తీయడానికి ఎవడూ వంగలేదు.

"మేలు చేశావమ్మా" అని ఫాబియాన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్క క్షణం ఆగి మంచులోంచి అదే మాట మళ్ళీ వినపడింది. అందరం విన్నాం. ఒక్కడికీ అటు తల తిప్పే ధైర్యం లేకపోయింది.

అవ్వ ఫాబియాన్‌ని కావిలించుకుంది. తర్వాత మంచు వైపు తిరిగి, చేతులు చాచి, మెల్లగా దగ్గరికి తీసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. జావ తేవడానికి ఇంటికి పోతుంటే ఆవిడ రవిక వీపు మీద రెండు చేతుల మసి మరకలు కనిపించాయి.

ఆ చెట్టు ఇప్పుడు మోగడం లేదు. ఆ రవిక అవ్వ ఇంకా ఉతకలేదు. గాస్పార్‌ని దొంగ అంటే మాత్రం ఊరుకోదు. బరికె తీస్తుంది.