ఎవరూ నొక్కని బెల్లు

ప్రోగ్రాములు రాయడంలో అల్లుడు ఘనుడే. కానీ నిన్నమొన్నటిదాకా ఇంట్లో బల్బు మాడిపోతే ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసిన మనిషి. అలాంటివాడు ఒకరోజు సోల్డరింగ్ ఐరన్, తీగల చుట్ట, అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద పరిచేసరికి, భార్య నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చేతులు కాల్చుకోవడానికా?"

"మీ అమ్మగారికి బెల్లు చేస్తున్నా. మోగేది కాదు, వెలిగేది."

అత్తగారు దర్జీ. రెండు వీధుల అవతల చిన్న దుకాణంలో వయసంతా మిషను తొక్కింది. చెవులు పూర్తిగా పోయాక దుకాణం మూసి, మిషనుతో సహా కూతురింటికి వచ్చేసింది. పాత కస్టమర్లందరికీ ఇల్లెక్కడో చెప్పే వచ్చింది. ఒక్కరూ రాలేదు. "రాకేం, వస్తూనే ఉంటారు. నాకు వినపడక తిరిగి వెళ్లిపోతున్నారు" అని ఆవిడ నమ్మకం. పగలంతా కూతురు ఆఫీసులో ఉంటుంది. అల్లుడు వెనకగదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పని చేసుకుంటాడు. కాదనడానికి సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. అదే అతన్ని తొలిచింది.

చేతులు కాల్చుకున్నాడు కూడా. పడుతూ లేస్తూ వీధి తలుపుకు బటన్, అక్కణ్నుంచి తీగ, మిషను పక్కన ఎర్ర దీపం బిగించాడు. నొక్కితే వెలిగింది. అత్తగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మర్నాటి నుంచి నొక్కకపోయినా వెలగసాగింది. వెలిగిన ప్రతిసారీ ఆవిడ కుడుతున్న దిండు గలీబు పక్కన పడేసి, జుట్టు సవరించుకుని వెళ్లి తలుపు తీసేది. బయట ఎవరూ ఉండేవారు కాదు.

"చూశారా బాబూ! నేను లేచి వచ్చేసరికే వెళ్లిపోయారు. పొద్దుట్నుంచి తెగ వస్తున్నారు!"

ఆవిడకు సంబరం. అల్లుడికి మతి పోయేది. ప్రోగ్రాము తిరగరాశాడు. ప్రోగ్రాములో తప్పుంటే ఫలానా లైనులో అని చూపిస్తుంది. ఈ తీగలకు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్రిజ్ గుర్రుమంటే దీపం వెలుగుతుంది. చెయ్యి దగ్గరగా పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. ఒక్కోసారి దేనికీ వెలగదు.

"దయ్యం పట్టినట్టుంది" అంది భార్య.

"బోర్డుకా?"

"మీకు."

చదవగా చదవగా అంతుబట్టింది. బటన్ నొక్కితే 'ఉన్నారు' అని బోర్డుకు కబురు వెళ్తుంది. నొక్కకపోతే 'లేరు' అని వెళ్తుందని అతను అనుకున్నాడు. అసలు ఏ కబురూ వెళ్లదు. తీగ ఊరికే వేలాడుతూ, చుట్టుపక్కల కరెంటు ఎటు ఊపితే అటు తలూపుతుంది. 'లేరు' అని కూడా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలట. వడ్లగింజంత రెసిస్టర్ ముక్కతో ఆ తీగను గ్రౌండ్‌కు, అంటే బోర్డు 'లేరు' అని చదివే సున్నా కొసకు, కట్టేస్తే చాలట. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. పొంగిపోతూ అతికించి, ఆఫీసు పనిలో కూర్చున్నాడు.

దీపం ఇక వెలగలేదు. ఆరోజూ, మర్నాడూ, ఆ వారమంతా. తను నొక్కి చూస్తే శుభ్రంగా వెలుగుతోంది. అత్తగారు గలీబు ఒళ్లో పెట్టుకుని దీపంకేసే చూస్తూ కూర్చుంటోంది.

"బాబూ, ఇది మళ్లీ చెడిపోయింది. కాస్త చూడండి."

బాగానే ఉందని చెప్పడానికి నోరు తెరిచాడు. మాట వినపడక పెదాలు చూసి పోల్చుకోవడం ఆవిడకు అలవాటు. ఇప్పుడూ కళ్లార్పకుండా అతని పెదాలకేసే చూస్తోంది.

"చూస్తాను అత్తయ్యా" అన్నాడు.

గదిలోకి వెళ్లి తల పట్టుకున్నాడు. తప్పుడు దీపం ఆవిణ్ణి రోజంతా నవ్విస్తూ తిప్పింది. సరైన దీపం మూలన కూర్చోబెట్టింది. మరి తాను బాగుచేసిందేమిటి? ఆ గింజంత ముక్క పీకేస్తే పోలా? కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. తెలిసి తెలిసి అబద్ధం చెప్పే యంత్రం చేయడమా అని పక్కన పెట్టేశాడు. ఎంతకీ తేలలేదు.

చివరికి లేచి, అలమరలోంచి జేబు చిరిగిన చొక్కా తీసుకుని, వెనక గుమ్మంలోంచి బయటపడి, ఇల్లు చుట్టి వచ్చి వీధి తలుపు ముందు నిలబడ్డాడు. బటన్ నొక్కాడు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. జుట్టు సవరించుకునేంత ఆలస్యం. తలుపు తెరుచుకుంది. ఆవిడ అతన్ని చూసింది. చేతిలో చొక్కా చూసింది. మళ్లీ అతన్ని చూసింది, కాస్త ఎక్కువసేపే. తర్వాత చొక్కా అందుకుని, చిరుగులో వేలు పెట్టి చూసి, దుకాణంలో ఉన్నప్పటి గొంతుతో అంది.

"రేపు సాయంత్రం రండి. బెల్లు కొట్టి రండి."