నేను కోసేసిన చీకటి

అది 2005. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న ఒక సందులో, మూడో అంతస్తులో మా ఎడిటింగ్ గది. కింది రెండు అంతస్తుల్లోనూ సాఫ్ట్‌వేర్ పాఠాలు. పంజగుట్టలోని ఒక టీవీ ఛానల్ తన కార్యక్రమాలు కొన్నిటిని మా దగ్గరికి ఎడిటింగ్‌కి పంపేది. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. ఆ రోజుల్లో హైదరాబాద్ మొత్తం మీద నా అంత వేగంగా పనిచేసే ఎడిటర్ మరొకడు లేడు. సరే, ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

పాడుబడిన గనిలోకి దిగి ప్రాణాలతో తిరిగొచ్చినవాణ్ణని మా బంధువుల్లో నా గురించి ఒక ప్రచారం ఉంది. ప్రచారం చేసింది నేనే. నిజానికి నేను దిగింది మా బిల్డింగ్ సెల్లార్‌లోకి. దానికి లిఫ్టు కూడా ఉంది.

ఆ ఛానల్‌లో శనివారం సాయంత్రం వింత ప్రదేశాల మీద అరగంట కార్యక్రమం వచ్చేది. ప్రొడ్యూసర్ కవిత గారు. ఆ వారం అంశం, ఎప్పుడో మూతపడిన ఒక బొగ్గు గని. నిటారుగా దిగే గొయ్యి, దాని గోడకి పాత ఇనుప నిచ్చెన, చుట్టూ కంచె. గొయ్యి అంచు దాకా వెళ్లి తీసుకోవడానికే అనుమతి దొరికింది, లోపలికి దిగడానికి కాదు. అందుకని లోపలి దృశ్యాలను మా సెల్లార్‌లో తీశారు. గోనె పట్టాలు కట్టి, వాటి మీద బొగ్గుపొడి చల్లి, యాంకర్ తలకి బ్యాటరీ లైటు పెట్టి నడిపించారు. దగ్గరుండి చూసుకున్నది నేనే.

గొయ్యి దగ్గర తీసిన టేపుల్లో కొమురయ్య గారున్నారు. రిటైరైన ఓవర్‌మ్యాన్. అంటే, గనిలో ఒక షిఫ్టు మనుషులందరి భద్రత చూసుకునే ఉద్యోగి. ఆయన ఇత్తడి సేఫ్టీ ల్యాంప్ ఒకటి వెలిగించి, తాడు కట్టి, మెల్లగా గోతిలోకి దించుతారు. కెమెరా దాన్నే పట్టుకుని కిందికి పోతుంది. చూడముచ్చటైన దృశ్యం.

షూటింగ్ నుంచి వచ్చే ముడి టేపుల్ని మేము రషెస్ అంటాం. గంటల కొద్దీ ఉండే రషెస్‌ను ఎవరూ తీరిగ్గా చూడరు. శబ్దం ఆపేసి, వేగంగా పరిగెత్తించి, బాగున్న ముక్కలు ఏరుకుంటాం. బొమ్మ లేకుండా తెర నల్లగా ఉండే భాగానికి బ్లాక్ అని పేరు. మా పనిలో బ్లాక్ అంటే దోషం. ప్రసారంలో రెండు క్షణాలు నల్లబడితే చాలు, సిగ్నల్ పోయిందని ఛానల్‌లో కంగారు పుడుతుంది. అందుకే బ్లాక్ కనిపించగానే ఎడిటర్ చెయ్యి దానంతట అదే కోసేస్తుంది. దీపం దిగుతున్న దృశ్యం చివర పెద్ద బ్లాక్ ఉంది. కెమెరామన్ పొరపాటు అనుకుని కోసేశాను. ధగధగా దిగుతున్న దీపం, ఆ వెంటనే లైటుతో లోపల నడుస్తున్న యాంకర్. ఆ అతుకు చూసి కవిత గారు, "సూపర్ అండీ, ప్రోమోకి ఇదే పెడదాం" అన్నారు. బుధవారం నుంచి ప్రోమో రావడం మొదలైంది.

గురువారం టీ బండి దగ్గర మంజుల కలిసింది. కింది అంతస్తులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకునే అమ్మాయి. ఎప్పుడూ నలుగురు కలిసి తిరిగేవాళ్లు.

"అంకుల్, గా బాయి ప్రోమో మీరు జేసిందేనంట గదా?" బొగ్గు ఊళ్ల వైపు గనిని బాయి అనే అంటారు.

"చేయడమేంటమ్మా, దిగి వచ్చాను" అన్నాను. చేతిలో టీ గ్లాసు ఉన్నప్పుడు నా నోటికి హద్దుండదు.

"నిజంగనా? లోపల నీళ్లున్నయా?"

"అక్కడక్కడా."

"గబ్బిలాలు?"

"మొహం మీదే కొట్టాయి."

"మస్తుంది అంకుల్! ఆదివారం మేం నలుగురం పోదామనుకుంటున్నం. ఏడుందో జర చెప్పుండ్రి."

చెప్పాను. ఏ ఊళ్లో బస్సు దిగాలో, ఏ మట్టి దారి పట్టాలో, కంచె ఏ మూల పడిపోయి ఉందో, రషెస్‌లో చూసిందంతా నా కాళ్లతో నడిచి వచ్చినట్టే చెప్పాను. ఆ అమ్మాయి నోట్సు పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కొమురయ్య గారు మా గదికి వచ్చారు. ఎర్రగడ్డలో కూతురింట్లో దిగారు. గాలి హోరుకి పాడైన ఆయన మాటల్ని మళ్లీ రికార్డు చెయ్యాలి. కవిత గారూ వచ్చారు. ముందు కార్యక్రమం మొత్తం వేసి చూపించాను. సెల్లార్ దృశ్యం రాగానే ఆయన ముందుకు వంగారు.

"సార్, గీ బాయిల ప్లాస్టిక్ పైపు ఏడికెల్లి వచ్చింది?"

కవిత గారు నవ్వేశారు. "అది సెల్లార్ అండీ."

"గట్లనా. మంచిగనే జేసిన్రు. జర ఎనుకకు పోనియ్యి సార్." పోనిచ్చాను. దీపం మళ్లీ దిగింది. "ఆరింది ఏది?"

"ఏం ఆరింది?"

"దీపం. సగం దిగంగనే ఆరింది గదా. ఆరిందని నోటితోని చెప్పిన సుత."

ఇక్కడ నేను లేచి నిలబడి, "ఈ కార్యక్రమం ఇలా ప్రసారం కావడానికి వీల్లేదు" అని గర్జించాను. పెళ్లిళ్లలో ఈ ఘట్టాన్ని ఇలాగే చెబుతాను. అసలు నేనన్న మాట, "కెమెరామన్ తప్పండీ, టేపు నల్లగా వచ్చింది" అని.

"నల్లగనే వస్తది. దీపం ఆరినంక తెల్లగెట్ల వస్తది?" అన్నారు కొమురయ్య గారు. ఆయనకి కోపం రాలేదు. పాఠం చెబుతున్నట్టుగా చెప్పారు. గాలి ఆడని పాత గనుల్లో చెడుగాలి నిలిచి ఉంటుంది. రంగుండదు, వాసన ఉండదు. దీపం బతకని చోట మనిషీ బతకడు. దీపం దించేది దారి చూడటానికి కాదు, వెనక్కి తిరగాలో వద్దో తెలుసుకోవడానికి.

"మా జోడీదారు ఒకాయన, మూసేసిన పనికాడికి టార్చి పట్టుకొని దిగిండు. టార్చికి గాలితోని ఏం పని? మేం పైన నిలవడి చూస్తే ఎలుగుతనే ఉంది. మనిషే లేడు." తెర వైపు చెయ్యి చూపించారు. "మీ యాంకర్ సారు తలకి పెట్టుకున్నది సుత బ్యాటరీదే."

ముడి టేపు పెట్టి, ఈసారి శబ్దంతో వేశాను. దీపం చిన్నదై, ఎర్రబడి, ఆరిపోయింది. తెర నల్లబడింది. ఆ నలుపులోంచి ఆయన గొంతు: "ఆరింది. ఇగ ఎవ్వలు దిగొద్దు." తర్వాత చాలాసేపు నలుపే. గాలి, తాడు పైకి లాగుతున్న చప్పుడు.

దీపం ఆరిన గనిలోకి జనం హాయిగా నడిచి పోవచ్చని నా అతుకు చెబుతోంది. ఆదివారం నలుగురు పోతున్నారు. దారి వాళ్ల దగ్గర రాసి ఉంది.

మెట్లు దిగి పరిగెత్తాను. పరిగెత్తడం అంటే, నా వయసుకి తగ్గ పరుగు. వాళ్ల బ్యాచ్ వెళ్లిపోయింది. ఫోన్ నంబరు నా దగ్గర లేదు. పైకొచ్చి, మంజులకి దారి చెప్పిన సంగతి కవిత గారితో చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటేనే నాకు సుఖంగా ఉండేది. పంజగుట్ట ఆఫీసుకి ఫోన్ చేసి ముందు ప్రోమో ఆపించారు.

"సెల్లార్ మొత్తం తీసెయ్యండి. ఊరి పేరు, మట్టి దారి, కంచె పడిపోయిన చోటు, ఏవీ కనపడకూడదు. ఆ బ్లాక్ మాత్రం ఉంచండి."

"ఛానల్ వాళ్లు ఒప్పుకుంటారా అండీ?"

"కావాలనే పెట్టామని కాగితం రాసిస్తాను. మీరు పని చూడండి."

అలా అరగంట కార్యక్రమం గొయ్యి అంచు దగ్గరే ఆగిపోయింది. మిగిలిన సమయమంతా కొమురయ్య గారి మాటలతో నింపాం.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికే మెట్ల దగ్గర కాపు కాశాను. మంజుల, మిగతా ముగ్గురూ వచ్చారు.

"అమ్మా, నేను గనిలోకి దిగలేదు. అబద్ధం చెప్పాను."

"మమ్మల్ని పోకుండ చేస్తున్రు గదా అంకుల్? ఫికర్ చెయ్యకుండ్రి, మేం జాగ్రత్తగనే పోతం."

నలభై ఏళ్ల సర్వీసులో నా అబద్ధాన్ని ఎవరూ అంత గట్టిగా నమ్మలేదు. నిజం చెబితేనే నమ్మడం లేదు. నలుగుర్నీ సెల్లార్‌కి తీసుకెళ్లి గోనె పట్టాలు చూపించాను. వాళ్లు విరగబడి నవ్వారు. "గబ్బిలాలేవి అంకుల్?" అని ఒకడు, "మొహం మీద కొట్టినయంట, మచ్చ చూపియ్యుండ్రి" అని మంజుల. అన్ని మాటలూ పడ్డాను. తర్వాత మూడో అంతస్తుకి తీసుకెళ్లి ఆ టేపు వేశాను. నల్లబడ్డాక తెరకేసి చూస్తూనే ఉన్నారు. టేపు అయిపోయేదాకా ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం కార్యక్రమం ప్రసారమైంది. ఆ నలుపు రాగానే తన సెట్టు పాడైందనుకుని మా బావమరిది దాన్ని రెండు దెబ్బలు కొట్టాడట.

సోమవారం మంజుల మా గదికి వచ్చింది.

"వెళ్లారా?"

"పోయినం. కంచె బయటనే నిలబడి చూసినం. గంతే." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మీరు నిజంగ దిగి ఉంటే, మేం సుత దిగేటోళ్లం అంకుల్."

ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ శబ్దం పెట్టి వినకుండా ఒక్క బ్లాక్‌నీ కొయ్యలేదు. ప్రమాదకరమైన చోటుని టీవీలో చూపించేటప్పుడు లోపలికి ఎలా పోవాలన్నదాని కంటే, తెలిసినవాడు ఎక్కడ ఆగాడన్నది చూపించాలి. చూసేవాడు మనం ఆగిన చోటే ఆగుతాడు, మనం దూకినట్టు కనిపిస్తే దూకుతాడు. నేను నేర్చుకున్నది అంతే.

ఆ నలుగురినీ కాపాడింది నేనే అని చెప్పుకోవచ్చు. సాక్ష్యానికి టేపు కూడా ఉంది. కానీ చెప్పుకోను. వాళ్లకి దారి చెప్పిందీ నేనే.