అవ్వ ఇస్త్రీ చేసిన తేనె

మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె బట్టల ముఖం చూడలేదు. దాన్ని తేనె డబ్బాల కోసమే కొన్నాం. మా అవ్వ బిక్షమ్మ చీర నిండా ముడతలే, ముఖం నిండా అంతకంటే ఎక్కువ. కానీ ఆమె డబ్బా మూతికి అతికించిన రేకు మీద ఒక్క ముడత ఉండేది కాదు.

అవ్వ అచ్చంపేట చుట్టుపక్కల చేన్లలో నలభై ఏళ్లు కూలి చేసింది. కుడి మోకాలు చెడిపోయాక, దవాఖానలో వంగొద్దన్నారు. అప్పటి నుంచి అడవి గూడేలవాళ్లు తెచ్చే తేనె కొని, గుడ్డలో వడగట్టి, బస్టాండు ముందు పాత సీసాల్లో అమ్మేది. కూర్చుని చేసే పని. సీసా మూత మాత్రం ఎప్పుడూ ఒక చుట్టు వదులుగానే ఉంచేది. కొన్నవాళ్ల సంచుల్లో కారితే తిట్లు తినేది.

"జర గట్టిగ తిప్పరాదే?" అనేదాన్ని.

"దానికి ఊపిరాడాలె పోరీ."

తేనెకు ముక్కుందా అని నవ్వేదాన్ని. పదో తరగతి తప్పినా సైన్సంతా నాకే వచ్చనుకునే రోజులవి.

నిరుడు వానాకాలం మొదట్లో బస్టాండు ముందు బండ్లు తీసేయించారు. అవ్వకు కూర్చునే జాగా పోయింది. అప్పుడే నాగర్‌కర్నూల్లో నాటు సరుకుల దుకాణం పెట్టిన కమలాకర్ వచ్చి, నెలనెలా నలభై డబ్బాలు తీసుకుంటానన్నాడు. "సీలుండాలె అవ్వా. లేకుంటే ఎవ్వరు ముట్టరు." అవ్వ ఏదో అనబోయి, తలూపింది.

ప్లాస్టిక్ డబ్బాలు, వెండిరంగు రేకు బిళ్లలు తెచ్చాం. డబ్బా మూతి తుడిచి, రేకు పెట్టి, దాని మీద గుడ్డ వేసి, వేడి ఇస్త్రీ పెట్టెతో ఒత్తాలి. ఎక్కువసేపు ఒత్తితే మూతి కరుగుతుంది, తక్కువైతే రేకు అంటదు. అవ్వకు సెకన్లు లెక్కపెట్టడం రాదు. "యేసయ్యా స్తోత్రం" అని రెండుసార్లనుకుని పెట్టె ఎత్తేది. ఒక్కటీ చెడలేదు. నా చేతిలో మూడు కరిగాయి.

"బడికి పోయిందట!" అని పగలబడి నవ్వింది. "ఇగ నీకు పత్తి చేను బాధ తప్పిందే" అని తన మోకాలికి చెప్పింది.

ఇరవై రోజులకు కమలాకర్ డబ్బాలన్నీ ఆటోలో వేసుకుని తిరిగొచ్చాడు. రేకులు పూరీల్లా పొంగాయి. రెండు పగిలి దుకాణంలో పచ్చళ్ల మీద కారాయట. ఆయన అరవను కూడా లేదు. "పులిసింది అవ్వా. ఇగ నాతోని కాదు" అని దించేసి పోయాడు.

నేనొక రేకును పొడిచాను. బుస్సుమని నురగ వచ్చింది, సారా వాసనతో.

"సారా దుకాణం పెడదామా అవ్వా?"

అవ్వ నవ్వలేదు. "వానల తేనె. నీళ్లెక్కువుంటయ్. బిగిస్తే గిట్లనే పొంగుతది."

"నీకు ముందే ఎర్కనా?"

"మీ బాపు పుట్టకముందు సంది ఎర్క."

"మరి ఆయనకెందుకు చెప్పలే?"

"చెప్తే తీసుకుంటుండెనా?"

ఎండాకాలం తేనెయితే సీలులో నిలిచేదేమో. దానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి, కమలాకర్ మళ్లీ రాడు.

పత్తి ఏరడం మొదలయ్యాక అవ్వ నన్ను వెంటబెట్టుకుని శ్రీదేవి ఇంటికి నడిచింది. ఆడకూలీలను ఆటోలో చేన్లకు తీసుకుపోయేది ఆమే. గుమ్మం దాకా అవ్వ నడక చూసింది.

"వంగుతవా పెద్దమ్మా?"

"వంగుత."

"వంగితే మళ్ల లేపుడు నా పని" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"రేపొక్కరోజు రా, చూద్దాం" అంది శ్రీదేవి.

మరునాడు అవ్వతో నేనూ కూలికి పోయాను. మధ్యాహ్నానికి అందరం మా మా పత్తి సాళ్ల చివరికి చేరాం. అవ్వ తన సాలు సగంలోనే పత్తి చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది, వంగలేక, నిటారుగా లేవలేక. నేను ఎదురుపోయి మిగతా సగం ఏరాను. శ్రీదేవి చూసి కూడా చూడనట్టే ఉంది. సాయంత్రం ఆటో దిగేటప్పుడు మాత్రం మెల్లగా అంది: "రేపు ఆటోల జాగ లేదు పెద్దమ్మా."

"గట్లనే బిడ్డా" అంది అవ్వ.

తెల్లారి నేనొక్కదాన్నే ఎక్కాను. ఆటోలో నా పక్కన ఇద్దరు కూర్చునేంత జాగా ఉంది.