వాపసు వచ్చిన రాణి రూపాయి

నేను నాణేలు పోగుచెయ్యటం సరదాకి మొదలుపెట్టలేదు. దండుగ కట్టి మొదలుపెట్టాను.

యుద్ధం రోజుల్లో నడికుడి స్టేషన్లో టికెట్ గుమాస్తాని. టికెట్లు అమ్మిన డబ్బు తోలు సంచిలో పోసి, మూతికి లక్క సీలు వేసి గార్డుకి అప్పగించటం నా పని. అది పెద్దాఫీసుకి పోయేది. అక్కడ నీడపట్టున కూర్చున్నవాళ్ళు ఒక్కో నాణేన్నీ తిప్పి చూసి, చెల్లనివి ఏరి, చీటీ జతచేసి నాకే తిప్పిపంపేవాళ్ళు. ఆ మేరకు నా జీతంలో కోత. ఇదెక్కడి న్యాయమని అడిగే ఓపిక అప్పట్లో నాకు లేదు.

ఓపిక లేకపోవటం అంటే మామూలుగా కాదు. నాతోపాటు ఉండాల్సిన ఇంకో గుమాస్తాని వేరే లైనుకి పంపేశారు. ఇద్దరి పనీ నా నెత్తిన పడింది. పటాలం బళ్ళు వస్తే మామూలు బండిని పక్క పట్టాల మీద ఎంతసేపైనా పడేసేవాళ్ళు. బండిని నేనే ఎక్కడో దాచిపెట్టినట్టు జనం నామీద పడేవాళ్ళు. పైగా చిల్లర కరువు. అర్ధణా తిరిగివ్వలేక ఎన్ని తిట్లు తిన్నానో. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటే, అన్నం కలిపేలోపు కళ్ళు మూతలుపడేవి. నా భార్య ముద్ద చేతిలోకి తీసుకోమని గుర్తుచేసేది.

నాకు పాతికేళ్ళైనా నిండలేదు. ముసలివాడినయ్యాననే అనుకునేవాడిని. ఇప్పుడు నిజంగా ముసలివాడిని. అప్పటి అలసట ముందు ఇది ఏపాటిది అనిపిస్తుంది.

అలా తిరిగొచ్చిన నాణేలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పడేసేవాడిని. చూస్తే ఒళ్ళు మండేది గనక మూతపెట్టి అటక మీదకి తోసేసేవాడిని. ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్యకి ఎండుమిరపకాయలు పోసుకోవటానికి ఆ డబ్బా కావాల్సి వచ్చింది. అందులో ఉన్నవి పారేస్తారో, దాచుకుంటారో తేల్చమంది. చాప మీద బోర్లించాను.

పారేద్దామనే కూర్చున్నాను. చేతికి ముందు తగిలింది హాలీ రూపాయి. కృష్ణ దాటితే నైజాం రాజ్యం. అవతలి వాళ్ళు పొందుగల దగ్గర రేవు దాటి వచ్చి రద్దీలో వాళ్ళ రూపాయలు నా కిటికీలో పెట్టేసి పోయేవాళ్ళు. దాని మీద చార్మినారు ఉంది. అప్పటిదాకా అది నాకు జీతంలో కోత మాత్రమే. ఆ మధ్యాహ్నం మొదటిసారి దాన్ని ఊరికే చూశాను. నాలుగు మినార్లు, మధ్యలో గుమ్మం, ఆ గుమ్మంలో సన్నగా ఒక ఉర్దూ అక్షరం. నేను హైదరాబాదు చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. నా భార్యని పిలిచి, ఇదిగో హైదరాబాదు చూద్దువు రా అన్నాను. ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి చాలాసేపు చూసింది. టికెట్ లేకుండానే తీసుకెళ్ళారే అని ఎగతాళి చేసింది.

తరవాతది ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళ రాగి డబ్బు, తక్కెడ బొమ్మతో. అరిగిపోయి బొమ్మ కనపడకపోతే పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. కంటికి దొరకని తక్కెడ కాగితం మీద మెల్లగా తేలింది. ఆ సంతోషం ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలీదు. ఎవరికీ అక్కర్లేనిది నా ఒక్కడికోసం బయటికి వచ్చినట్టు అనిపించింది. పొద్దు వాలేదాకా కదల్లేదు. నిద్ర రాలేదు, ఆవలింత కూడా రాలేదు. మిరపకాయలకి మా ఆవిడ వేరే డబ్బా వెతుక్కుంది.

ఆ వారం నుంచి నా ఉద్యోగం మారిపోయింది. అంటే ఉద్యోగం అదే, తిట్లూ అవే. కానీ కిటికీలోంచి చెయ్యి లోపలికి వస్తే ఆ చేతిలో ఏముందోనని చూడటం మొదలుపెట్టాను. నడుమ చిల్లున్న కొత్త కాణీలు వస్తే జనం వాటిని తిట్టుకునేవాళ్ళు, నేను ముచ్చటపడేవాడిని. పెద్దాఫీసు నుంచి చీటీ వస్తే ఇదివరకు గుండె జారేది. ఇప్పుడు ఏం తిరిగొచ్చిందో చూడాలని సీలు గబగబా విప్పేవాడిని. జీతం కోసినందుకు సంబరపడే గుమాస్తాని ఈ లైనులో నిన్నే చూశానని స్టేషన్ మాస్టరు గారు అనేవారు. ఆయన చదువుకునే భూతద్దం మాత్రం అడిగినప్పుడల్లా ఇచ్చేవారు.

కొత్తగా మొదలుపెట్టినవాడిని. చెప్పేవాళ్ళు లేరు. నాణెం అంటే మెరవాలనుకున్నాను. ఇంట్లో ఇత్తడి బిందెలు ఎలా తోముతారో అలాగే చింతపండు, బూడిద పెట్టి అన్నిటినీ తళతళలాడేట్టు తోమేవాడిని. నాణేలు తెలిసినవాళ్ళు ఆ పని చెయ్యరని, పాత మకిలి కూడా నాణెంలో భాగమేనని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

ఆ రోజుల్లోనే రాణి రూపాయి వచ్చింది.

పొద్దుటి బండి. గుంటూరు వైపు జనం కిటికీకి అడ్డంపడుతున్నారు. ఒక చెయ్యి లోపలికి వచ్చింది, వేళ్ళ సందుల్లో తెల్లగా సున్నం కాటు. సున్నపు బట్టీలో రాళ్ళు మోసే ఆడమనిషని చెయ్యి చూస్తేనే తెలిసిపోయింది. గుంటూరుకి టికెట్ అడిగి, పసుపు పట్టిన రూపాయి పెట్టింది. అలవాటుగా రాతి పలక మీద మోగించాను. ఖణేలుమంది. ఆ రోజుల్లో వచ్చే కొత్త రూపాయల్లో వెండి తగ్గి, పలక మీద వేస్తే మూలిగేవి. ఇంత మంచి మోత విని తీసేసుకున్నాను. వేళ్ళకి పసుపు అంటుకుంటే పంచెకి తుడుచుకున్నాను. బండి వెళ్ళిపోయింది.

పెద్దాఫీసు వాళ్ళు దాన్ని తిప్పిపంపారు. పసుపు కింద ఉన్నది విక్టోరియా రాణి బొమ్మ. ఆ రూపాయలు ఇక చెల్లవని సర్కారు అప్పటికే చాటింపు వేసింది. నికార్సైన వెండి చెల్లదు, మూలిగే రూపాయి చెల్లుతుంది. సరే, నాకేం, నా డబ్బాలోకి రాణి వచ్చింది. దాని మీద పసుపుతో పాటు ఒకచోట ఎర్రటి మచ్చ ఉంది. చింతపండు పెట్టి రెండూ పోయేదాకా తోమాను. రాణి కిరీటంలో రాళ్ళు కూడా లెక్కపెట్టుకునేట్టు తేలాయి. నా దగ్గరున్న వాటిలో అంత అందమైనది లేదు. నా భార్య దాన్ని కంసాలికి ఇస్తే చెవులకి ఏమైనా వస్తాయంది. వినపడనట్టు డబ్బా మూత పెట్టేశాను.

కొన్ని నెలలు గడిచాక, బండ్లు లేని వేళ, ఆ సున్నపు చేతుల మనిషి కిటికీ దగ్గరికి వచ్చింది. నడివయసు మనిషి. టికెట్ అడగలేదు. తన రూపాయి తనకి ఇమ్మని, బదులు ఇదిగో అని ఇంకో రూపాయి పెట్టింది. ఏ రూపాయి అంటే కూర్చుని మొత్తం చెప్పింది.

ఆమెకి ఒక్కడే కొడుకు. పటాలంలో చేరాడు. చేరిన రోజున వాడు క్షేమంగా తిరిగిరావాలని అంకమ్మ తల్లికి మొక్కి, తన అమ్మ తనకిచ్చిన రూపాయిని పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. తరవాత కొడుకు పటాలం గుంటూరు మీదుగా పోతోందని, ఒక పూట అక్కడ ఆగుతుందని కబురొచ్చింది. బట్టీలో కూలి సంతరోజునగానీ ఇవ్వరు. చేబదులు పుట్టలేదు. అంకమ్మకి చెప్పుకుని ముడుపు విప్పింది. వెళ్ళి కొడుకుని కళ్ళారా చూసుకుంది. వచ్చాక వేరే రూపాయితో మళ్ళీ ముడుపు కట్టింది. అప్పటినుంచి కొడుకు దగ్గర నుంచి ఉత్తరం ముక్క లేదు.

"తల్లికి ఆ రూపాయే కావాల బాబూ. మార్చి పెడితే ఒప్పుకోలా. నా రూపాయి నాకిప్పియ్యి," అంది.

నాకు వెంటనే ప్రాణం లేచొచ్చింది. ఇన్ని ఊళ్ళ డబ్బులో కలిసిపోవాల్సిన రూపాయి నా అటక మీదే ఉంది. నా పిచ్చికి ఒక అర్థం దొరికిందనిపించింది. పక్కనే ఉన్న క్వార్టర్సుకి పరుగెత్తి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో రాణి ముఖం తడిమింది. ఇది తనది కాదంది. సున్నపు చేత్తో పసుపు రాసిన రోజున తన రూపాయి మీద ఎర్రగా అంటిందట. తల్లి బొట్టు పెట్టిందని ఎంతో సంబరపడిందట. ఆ బొట్టు ఏదని అడిగింది.

నేనే తోమేశానని చెప్పాను. రాణి రూపాయి నా దగ్గర ఇంకోటి లేదని, ఇది ఆమెదేనని ఒట్టు వేశాను. రాణి రూపాయలు లేని ఊరు ఎక్కడుందంది. నిజమే, ఇళ్ళల్లో, మొలతాళ్ళకి, ముడుపుల్లో అలాంటివి బోలెడు. నా మాట తప్ప నా దగ్గర రుజువు లేదు. చివరికి అలసిపోయినట్టు కొంగున ముడివేసుకుని లేచింది. ఆమె పెట్టిన రూపాయి తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"నాదేనని నువ్వంటున్నావు గనక తీసుకపోతన్నా. తల్లి అడిగితే నీ పేరే చెప్తా," అంది.

నాకు దేవుళ్ళ మీద పెద్ద పట్టింపు లేదు. అయినా ఆ రోజు నుంచి ఏ బండి ఆగినా కిటికీలోంచి తల బయటపెట్టి ఖాకీ బట్టల కోసం చూసేవాడిని. ఆ కుర్రాడి ముఖం నాకు తెలీదు. ఎవడు దిగినా వాడేమోనని ఆశ. డబ్బా చాలా రోజులు దింపలేదు. ఎందుకో బొమ్మలు చూడబుద్ధి పుట్టలేదు.

యుద్ధం అయిపోయింది. పటాలం వాళ్ళు ట్రంకు పెట్టెలు మోసుకుంటూ గుంపులుగా దిగారు. ఊళ్ళోవాళ్ళు డప్పులు పెట్టి తీసుకెళ్ళారు. తరవాత ఒకరొకరుగా దిగారు. తరవాత దిగటం ఆగిపోయింది.

ఆమె వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ప్లాట్‌ఫారం మీద కుక్క తప్ప ఎవరూ లేరు. కొంగు ముడి విప్పి పసుపు గుడ్డ తీసి, గుడ్డలోంచి రూపాయి తీసి కిటికీలో పెట్టింది. కొడుకు పోయాడని కాగితం వచ్చిందట, బడి మాస్టరు గారు చదివి చెప్పారట. ఏడుపు అయిపోయిన గొంతుతో చెప్పింది.

"నీ రూపాయి నువ్వు తీసుకో. నేను ఆపొద్దే చెప్పా, ఇది నాది కాదని. నాదైతే వాడొచ్చేవోడు," అంది.

నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది. ఇది నీదేనమ్మా, అమ్మతోడు నీదే అని. అనబోయి ఆమె ముఖం చూశాను. నా మాట నమ్మితే ఏమవుతుంది? అంకమ్మ తల్లి తన రూపాయి తను పుచ్చుకుని, కొడుకుని ఇవ్వలేదని అవుతుంది. రేపటి నుంచి ఆ గూటి ముందు దీపం ఎలా పెట్టుకుంటుంది? పోయినవాడు ఎలాగూ పోయాడు. మిగిలింది ఆ గూడొక్కటే.

"నీది కాదమ్మా. నీది పెద్దాఫీసుకి పోయింది. నేనే పొరబడి వేరేది ఇచ్చాను," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి చాలాసేపు కూర్చుంది. ముఖంలో బిగువు కొంచెం సడలింది.

"అదీ సంగతి. తల్లి తప్పేం లేదు," అంది.

పసుపు గుడ్డ మడిచి బొడ్లో దోపుకుని పట్టాలు దాటి వెళ్ళిపోయింది. నామీద కోపమైనా మిగిలి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. అబద్ధమాడినందుకు నాకు బాధ లేదు. ఆమె నన్ను అంత సులువుగా వదిలేసినందుకు ఉంది.

ఇంటికి వెళ్ళి రూపాయి డబ్బాలో వేస్తుంటే నా భార్య చూసింది. ఎందుకు తిరిగిచ్చిందని అడిగింది. ఆమెది కాదట అన్నాను. ఆ రూపాయి తోమటానికి చింతపండు తడిపి ఇచ్చింది మా ఆవిడే. నా ముఖంలోకి ఒకసారి చూసి అన్నం వడ్డించింది.

నాణేలు పోగుచెయ్యటం మానలేదు. ఆ తరవాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, మంచి నాణేలు ఎన్నో దొరికాయి, కానీ చాప మీద బోర్లించిన ఆ మొదటి మధ్యాహ్నపు సంతోషం మాత్రం మళ్ళీ రాలేదు. రాణి రూపాయి ఇప్పటికీ ఉంది. ముడుపులో ఉన్నన్నాళ్ళు ఆమె రాసిన పసుపు అంచుల్లో కొంచెం మిగిలింది. కిరీటం దగ్గర ఆమె సున్నపు వేలు పడినచోట మళ్ళీ ఎర్రగా అంటింది. దాన్ని నేను తోమలేదు.