రాలేదని చెప్పే పని

ప్రొద్దుటూరులో ఆ ఆఫీసు చెప్పుల అంగడి పైన ఉండేది. కంపెనీలకు మనుషులను వెతికిపెట్టే ఆఫీసు. నేను వెళ్లింది అక్కడే కూర్చుని ఫోన్లు చేసే ఉద్యోగానికి. అది నాకు వచ్చి తీరాలి. అరటి గెలలు మోసి మోసి నాన్న నడుము పడిపోయింది, అమ్మ ఒక్కతే కూలికి వెళ్తోంది, డిగ్రీ చదివిన నేను ఇంట్లో కూర్చుని తింటున్నాను. వేముల నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి ఇస్త్రీ చేసుకున్న చుడీదారు నలిగి ముద్దయింది.

కింద మెట్ల దగ్గర బెంచీ మీద నా పక్కన జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. నాకంటే బాగా పెద్దది. ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడిందట. ఇదే ఉద్యోగానికి పొద్దున్నే ఇంటర్వ్యూ అయిపోయింది, ఫోన్ చేసి చెప్తామన్నారట.

"మరి ఇంటికి పోలేదేమక్కా?"

"పోయి ఏం జేయాల పాపా, ఆడా ఎదురుచూసేదే గదా. నువ్వేమన్నా తింటివా?" అని డబ్బా తెరిచి చిత్రాన్నం సగం నాకు పెట్టింది. తింటూ మా ఇంటి సంగతంతా చెప్పేశాను. మామూలుగా నేను ఎవరికీ అంత తొందరగా చెప్పుకోను.

లోపల యజమాని నా సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు. ఆఫీసు ఫోను నా ముందుకు తోశాడు.

"మా పనిలో సగం రాలేదని చెప్పడమేమ్మా. పొద్దున ఒకామె వచ్చింది, మాకు కుదర్లా. నువ్వు చెప్పు, చూస్తా."

పొద్దున ఎంతమంది వచ్చారో, ఎవరో అనుకున్నాను. నంబరు ఆయనే నొక్కాడు. గొంతు సవరించుకుని, కాలేజీలో స్టేజీ ఎక్కినప్పుడు మాట్లాడే తెలుగు బయటికి తీశాను.

"నమస్కారం మేడమ్. ఈసారి మీరు ఎంపిక కాలేదని చెప్పడానికి బాధపడుతున్నాం."

కింద రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. అది కిటికీలోంచీ ఫోనులోంచీ ఒకేసారి వినిపించింది.

"సరే మేడమ్" అంది ఆమె. ఆ గొంతు నాకు తెలుసు. నా నోట్లో చిత్రాన్నం పులుపు ఇంకా పోలేదు. "ఒక మాట మేడమ్. ఇప్పుడే లోపలికొచ్చింది జూడండి, వేముల పాప. ఆ పాపకన్నా ఇప్పించండి. వాళ్లింట్లో శానా కష్టంగా ఉండాది."

యజమాని నన్నే చూస్తున్నాడు. ఆ ఫోను ఆయన ముఖాన విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. "తప్పకుండా చూస్తాం మేడమ్" అని పెట్టేశాను.

"బాగా చెప్పినావు. సోమవారం నుంచి రా" అన్నాడాయన.

ఆమె మెట్ల దగ్గర డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది పాపా, ఇచ్చినారా?"

తల ఊపి, సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు రాలేదులే. ఫోన్ జేసిన మేడమ్‌తో నీ సంగతి చెప్పినా. శానా మర్యాదగా మాట్లాడింది. సోమవారం ఆడ కనపడితే, నేను థ్యాంక్స్ చెప్పమన్నానని చెప్పు."

"సరేక్కా" అన్నాను.