దారంతో కట్టిన పన్ను

శాంతాబాయికి చెవులు మందం. పుట్టుకతో వచ్చింది కాదు, సాంచలు తెచ్చిపెట్టింది. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచ అనే అంటారు కదా, నాగావ్‌లో అలాంటి సాంచలు వరసకు వరస ఆడే కార్ఖానాలో ఆమె ఒక మూల కూర్చుని దారం కండెలు చుడుతుంది. పెళ్లయి కరీంనగర్ జిల్లా నుంచి మహారాష్ట్రలోని భివండీకి వచ్చిన ఏడాది నుంచీ అదే మూల. రేకుల కప్పు కింద ఆ మోత అన్నేళ్లు విన్న చెవి ఇంకా చెవిలాగే ఉండాలంటే ఎలా? గిన్నె కింద పడితే వినిపిస్తుంది. అత్త తిడితే వినిపిస్తుంది, అదెలాగో దేవుడికే తెలియాలి. మామూలు మాట మాత్రం మనిషి ముఖం కనిపిస్తే తప్ప సగం గాలికి పోతుంది.

ముఖం కనిపించిందా, ఇక ఆమెకు చెవితో పనే లేదు. కార్ఖానాలో అందరిదీ అదే విద్య. గొంతు చించుకున్నా వినపడని చోట నోరు పెద్దగా కదిలించి మాట్లాడతారు, అవతలివాళ్లు పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. ఆమె మొగుడు ఆగయ్య అదే కార్ఖానాలో ఆ చివర సాంచలు నడుపుతాడు. అదే భివండీలో, కనేరి పేటలో వాళ్లుండేది ఒక్క గది. అందులో అత్త, ఎదిగిన కూతురు ఆర్తి, చదువుకునే కొడుకు శుభమ్. అక్కడ మొగుడూ పెళ్లాం ఏం మాట్లాడుకుంటారు, నా తలకాయ? ఉప్పు, పప్పు, నల్లా నీళ్లు. అసలు మాటలన్నీ కార్ఖానాలోనే.

"ఇయ్యాల శీర మంచిగున్నదే" అని ఆగయ్య ఆ చివర నుంచి పెదవులు కదిపేవాడు.

"సిగ్గు లేదా నీకు? బిడ్డ పెండ్లికొచ్చింది" అని శాంతాబాయి ఈ చివర నుంచి.

"బిడ్డకొస్తే నాకు పోయిందా?" అని మళ్లీ ఆయన.

చుట్టూ అంతమంది ఉన్నా మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే అటు చూడకపోవడం అక్కడి మర్యాద. అలా అత్త మీది కోపాలు, ఊరి మీది బెంగలు, అలకలు, బతిమాలడాలు, వాళ్ల కాపురమంతా ఆ చప్పుడులోనే సాగింది. అందులో చప్పుడు మాత్రం వాళ్లది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వానాకాలం, ఆగయ్య మూతికి తువ్వాలు చుట్టుకుని కార్ఖానాకు వచ్చాడు.

దూదినూగు ఎక్కువైందేమో అనుకుంది శాంతాబాయి. మర్నాడూ తువ్వాలే. ఆ వారమంతా తువ్వాలే. "ఏందది?" అని ఆమె అడిగితే ఆయన చెయ్యి ఊపేవాడు, ఏం లేదన్నట్టు. సాంచ నాడెలో దారం పోసుకునేటప్పుడు మాత్రం తువ్వాలు కొంచెం దించి, గోడ వైపు తిరిగి పని కానిచ్చి మళ్లీ పైకి లాక్కునేవాడు. ఇంటికి వచ్చాక తువ్వాలు లేదు గానీ చెయ్యి అడ్డం. జొన్నరొట్టె పులుసులో నానబెట్టి, గోడ వైపు తిరిగి తింటాడు. నవ్వడు. మాట్లాడితే మూతి కదలకుండా గొణుగుతాడు, ఆ గొణుగుడు ఆమె చెవికి అందేది కాదు.

మొదట కోపం వచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది, ఆ అనుమానం ఏమిటో నేను చెప్పను, ఆడవాళ్లకు తెలుస్తుంది. ఆఖరికి భయం పట్టుకుంది. కార్ఖానాలో అంకుశం అని ఒక ముసలాయన ఉండేవాడు. పళ్లన్నీ ఊడి పెదవులు లోపలికి పోయాయి. ఆయన ఏమన్నా శాంతాబాయికి ఒకేలా కనిపించేది. అన్నం అన్నాడో, అమ్మ అన్నాడో తెలియక తల ఊపి ఊరుకునేది. ఆయనంటే ప్రేమే, కానీ ఆయనతో మాట్లాడటం మానేసి ఏళ్లయింది.

ఒక పొద్దున నల్లా దగ్గర ఆగయ్య నోరు పుక్కిలించి ఉమ్మితే నీళ్లు ఎర్రగా పడ్డాయి. వెనకాల బిందెతో నిలబడ్డ శాంతాబాయి బిందె అక్కడే వదిలేసింది. మొగుడి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"నోరు తెరువు."

"ఏం లేదే, పో."

"తెరుస్తవా, మీ అవ్వను పిలువాల్నా?"

తెరిచాడు. కింది వరసలో ముందు పన్ను ఒకటి పక్కకు వాలి ఉంది. దాన్ని పక్క పన్నుకు దారంతో బిగించి కట్టాడు. పాలిస్టర్ దారం, తెగిన పోగుకు వేసే ముడి, ఎంత లాగినా జారనిది. చిగుళ్లు వాచి నల్లబడ్డాయి. దారం చుట్టూ తెల్లటి పాచి పేరుకుంది. పళ్ల వెనకాలైతే గార సున్నం కొట్టినట్టే ఉంది.

"ఊగుతున్నదని కట్టిన" అన్నాడు ఆగయ్య, పట్టుబడ్డ పిల్లవాడిలా. "పోగు తెగితే ముడేస్తం గద. గట్లనే."

శాంతాబాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. ఎంత పిచ్చి మనిషి! మూతికి తువ్వాలు చుట్టుకున్నది వాసన వస్తుందని, ఆ దారం ఎవరి కంటనైనా పడుతుందని. ఆమె కంట పడుతుందని ముఖ్యంగా.

నాడె సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. అటూ ఇటూ పరిగెత్తి బట్ట నేసేది నాడె. అందులో కండె మార్చిన ప్రతిసారీ దారం కొసను ఒక సన్న రంధ్రంలోంచి బయటికి తియ్యాలి. అప్పట్లో దానికి నోరే పనిముట్టు. రంధ్రానికి పెదవులు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే దారం నోట్లోకి వస్తుంది. దారంతోపాటు నూగు, గంజి, రంగు, అంతకుముందు షిఫ్టువాడి ఎంగిలి కూడా వస్తాయి. రోజూ అంత చెత్త పోయే నోటిని ఆగయ్య పొద్దున వేలితో ఒకసారి రుద్ది వదిలేసేవాడు. పైన తంబాకు నమలడం ఒకటి. నొప్పి లేదు కాబట్టి రోగం లేదని ఆయన లెక్క.

వాళ్లుండే ఒంటి గదుల వరసను చాళీ అంటారు, ఆ చాళీలో నాలుగు గదుల అవతల శారమ్మ ఉండేది. చర్చికి పోయే మనుషులు, వాళ్లదీ తెలంగాణే. ఆమె బజార్లో ఒక పండ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేసేది. సంగతి విని శారమ్మ నెత్తి కొట్టుకుంది.

"అక్కా, పంటికి దారం గట్టుడేంది? జల్ది తోలుకరా. మా మేడమ్ మిషిన్‌తోని ఆ గారంత సాఫ్ జేస్తది. ఒక్కటి పోతే పోయింది, తీరిపారి కూసుంటే అన్నీ పోతయి."

అన్నీ పోతాయి అన్న మాట దగ్గర శాంతాబాయికి అంకుశం ముఖం కళ్ల ముందు మెదిలింది. ఆమెకు కావలసింది పళ్లు కాదు, ఆ పళ్ల మీద నిలబడ్డ పెదవులు. అవి కుంగిపోతే ఆగయ్య మాట ఆమెకు ఇక లేనట్టే.

కానీ ఆగయ్య కదిలితేగా! రాజమౌళి అడ్డం పడ్డాడు. పక్క సాంచల మీద పనిచేసే మనిషి, అన్నీ తెలిసినవాడు.

"వద్దన్నా, నా మాటిను. నా పండ్లు బండలెక్క ఉండె. ఆ మిషిన్ పెట్టిచ్చుకున్న, పండ్ల సందులల్ల గాలి జొరవడుతున్నది. అన్నీ లూజు జేసి ఇడిసిపెట్టిండ్రు. మల్ల ఆ దిక్కు పోలే."

ఇక చూసుకోండి. "ఊడితే ఊడనీ, మిషిన్ మటుకు వద్దు" అని ఆగయ్య మొండికేశాడు. శాంతాబాయి బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. ఊహూఁ. చివరికి ఒక మధ్యాహ్నం కార్ఖానాలో కండెల గంప పక్కన పెట్టి, ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, తన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు చాటున ఏదో మాట్లాడింది. మళ్లీ మాట్లాడింది. ఆగయ్య కళ్లు ఆ కొంగు మీదే నిలిచిపోయాయి. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఎట్లున్నది?" అంది కొంగు తీసి. "నాకు గట్లనే ఉన్నది, ఇన్ని దినాల సంది."

శుక్రవారం సాంచలకు సుట్టీ. ఆ శుక్రవారమే వెళ్లారు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అద్దం పెట్టి చూసి ఆగిపోయింది. మళ్లీ చూసింది. "యే ధాగా కిస్‌నే బాంధా?" అంది, ఈ దారం ఎవరు కట్టారని. ఆగయ్య కుర్చీలో పడుకునే గర్వంగా చెయ్యెత్తాడు. ఆమె నవ్వాపుకుని ముడి విప్పబోయింది. విప్పనిస్తుందా ఆ ముడి! కత్తెర పెట్టింది. దారం తెగడమూ పన్ను దాంతోపాటు ఊడి రావడమూ ఒకేసారి జరిగాయి.

"అయ్యో, సూసినవా! రాజమౌళి జెప్పనే జెప్పిండు!" అని ఆగయ్య లేచి కూర్చున్నాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ పన్నును అరచేతిలో పెట్టి చూపించింది. వేరు చివరిదాకా గార పట్టి ఉంది. ఆమె హిందీలో చెబుతుంటే ఆగయ్య ఎదురుగా నిలబడి శారమ్మ తెలుగులో అందుకుంది.

"అన్నా, పన్ను పీకింది మేడమ్ గాదు, ఈ గార. ఇది పెరిగినకొద్ది ఇగురు కిందికి పోయింది, లోపటి దవడ బొక్క కరిగింది. రాజమౌళన్నకు గాలి జొరవడ్డది గూడ గందుకే. ఆడ ఉన్నది పన్ను గాదు, గార. అది తీస్తే సందు కనవడదా? ఆర్నెల్లకొక పారి సూపెట్టుకొని సాఫ్ జేపిచ్చుకుంటె ఇది ఇయ్యాల నీ నోట్లనే ఉండు."

మిగతావి నిలుస్తాయా అని శాంతాబాయి అడిగింది. నిలుస్తాయని డాక్టరమ్మ అంది, కానీ తంబాకు మానాలి, బ్రష్ పట్టాలి, గార మళ్లీ పేరుకోకముందే రావాలి. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందు.

మిషన్ గిర్రుమంటుంటే ఆగయ్య పెళ్లాం కొంగు గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గార పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చింది. ఒక్కసారితో కాలేదు, మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఆ మొదటిరోజు ఆగయ్య కుర్చీ దిగేముందు డాక్టరమ్మ శాంతాబాయిని చూసి, "మరి మీరు?" అంది.

"నాకేంది? నాకు నొప్పే లేదు" అని శాంతాబాయి చటుక్కున నోరు మూసుకుంది. ఆమె రోజూ మిశ్రీ పెడుతుంది, కాల్చిన పొగాకు పొడి. చిగుళ్లు నల్లగా ఉంటాయి. ఊరందరికీ ఉన్న అలవాటే అని ఆమె సమాధానం. చూశారా మనిషి తెలివి!

కొన్నాళ్లకు ఆగయ్య చిగుళ్లు గట్టిపడ్డాయి. రొట్టె కొరుకుతున్నాడు. వాసన పోయింది. నాడెకు నోరు పెట్టడం మాని, దారం లాగడానికి సన్న తీగ కొక్కెం ఒకటి వంచుకున్నాడు, పని కాస్త ఆలస్యమైనా సరే అని. తువ్వాలు మాత్రం తియ్యలేదు. ముందు పన్ను లేని సందు సిగ్గట. శాంతాబాయి కండెలు చుడుతూ రోజూ ఆ చివరకు ఒకసారి చూసేది, తల తిప్పుకునేది.

ఒకరోజు అలా చూసేసరికి తువ్వాలు మెడ మీద ఉంది. ఆగయ్య ఆమె వైపే చూస్తున్నాడు. నోరు పెద్దగా కదిలింది. మధ్యలో ఆ నల్లటి సందు, చుట్టూ తెల్లగా తేలిన పళ్లు, ఆమెకు ఎన్నాళ్లుగానో తెలిసిన పెదవులు. ప్రతి అక్షరమూ స్పష్టంగా కనిపించింది.

"శుక్కురారం నీ పండ్లు సూపెడ్దాం."

శాంతాబాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా బుద్ధి పోనిస్తుందా? "నాకెందుకు? మంచిగనే ఉన్నయి" అంది.

ఆగయ్య సాంచ ఆపాడు. నడిచి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆనాడు కొంగు అడ్డం వెట్టుకున్నవ్ సూడు" అన్నాడు, పెదవులు నెమ్మదిగా కదుపుతూ. "నా పానం పోయింది. నాకు గూడ ఇనవడదే, శాంతా. శాన ఏండ్లాయె. నీ మూతి సూసే అన్నీ తెలుసుకుంటున్న. నీకు జెప్పలే, బుగులు వడ్తవని."

ఇన్నేళ్లూ తను మాట్లాడుతుంటే కళ్లార్పకుండా చూసే ఈ మనిషికి తానంటే ఎంత పిచ్చి అనుకుని మురిసిపోయిందా వెర్రితల్లి. పిచ్చి నిజమే. చెవుడూ నిజమే. శాంతాబాయి చెంపల మీది నీళ్లు తుడుచుకోలేదు. కొంగు కూడా ఎత్తలేదు, నోటికి అడ్డం వస్తుందని. ముఖం ఆయన వైపు పూర్తిగా తిప్పింది.

"పోదాం" అంది, ఆయనకు బాగా కనబడేలా.